ముందు ముల్లు సంగతి, తర్వాతే పాట

ప్రశ్న: మాది విశాఖ, ఎం.వి.పి. కాలనీ. వన్‌టౌన్‌లోని పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మా తాతగారి రికార్డుల పెట్టె దొరికింది. అరవై దాకా ఉన్నాయి. సగం పల్చగా, పెద్దగా ఉన్నాయి. మిగతావి బరువైన నల్లటి పళ్లేల్లా ఉన్నాయి. కొన్నింటి మీద తెల్లటి మచ్చలున్నాయి. తాతగారి ప్లేయర్ తిరుగుతోంది గానీ శబ్దం రావడం లేదు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య తన పాత టర్న్‌టేబుల్ తెచ్చిస్తానంటున్నాడు. ఆన్‌లైన్‌లో సూట్‌కేస్ లాంటి ప్లేయర్లు చవగ్గా కనిపిస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకొన్ని రికార్డులు కూడా కొనుక్కోవాలని ఉంది.

జవాబు:

శబ్దం రావడం లేదన్నారంటే ఒకటో రెండో రికార్డులు పెట్టి చూసే ఉంటారు. ఇక ఆ ప్లేయర్ మీద ఏదీ పెట్టకండి. రికార్డును వయసు పెద్దగా పాడు చేయదు, దాని మీద వాలిన ముల్లు పాడు చేస్తుంది. ఎల్పీ, అంటే మీ పెట్టెలోని పల్చటి పెద్ద రికార్డు, దాని గాడి వెడల్పు ఇంచుమించు తలవెంట్రుకంత. అరిగి అంచులు తేలిన ముల్లు బరువుగా దాన్లో నడిస్తే గాడి గోడలు చెక్కుకుపోతాయి. తర్వాత ఎంత ఖరీదైన ప్లేయర్ మీద పెట్టినా ఆ గరగర పోదు. అందుకే రికార్డుల సరదా మొదలుపెట్టేవాళ్లు ముందు ముల్లు గురించి తెలుసుకోవాలి. ప్లేయరూ స్పీకర్లూ తర్వాత.

తాతగారి ప్లేయర్ ఎందుకు పలకడం లేదో ఊహించవచ్చు. ఆ కాలపు చాలా ప్లేయర్లలో ముల్లు వెనకాల క్రిస్టల్ కార్ట్రిడ్జి ఉండేది. దానిలోపల రోషెల్ సాల్ట్ అనే ఉప్పు స్ఫటికం ఉంటుంది. అది కదలికను కరెంటుగా మారుస్తుంది. ఉప్పు గదా, తేమకు చచ్చిపోతుంది. విశాఖ గాలిలో అటక మీద ఏళ్ల తరబడి ఉంటే బతికి ఉండే అవకాశం తక్కువ. ఇంకా లోపల రబ్బరు చక్రం గట్టిపడి ఉంటుంది, గ్రీజు జిగురైపోయి ఉంటుంది, వైర్ల తొడుగు పొడిపొడిగా రాలుతుంటుంది. ఇనుప చట్రానికి కరెంటు తగిలే ప్రమాదమూ ఉంది. ప్లగ్గు తీసేసి పక్కన పెట్టండి. పాత రేడియోలు బాగుచేసే మనిషి దొరికితే తీరిగ్గా చూపించవచ్చు. జ్ఞాపకంగా దాచుకోండి, రోజూ పాట వినడానికి మాత్రం వేరేది కావాలి.

ఇప్పుడు పెట్టె తెరిచి రికార్డులను మూడు రకాలుగా విడదీయండి. పల్చగా, 12 అంగుళాల వెడల్పుతో ఉన్నవి ఎల్పీలు. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతాయి, ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పాట ఉంటుంది. 7 అంగుళాలవి 45 చుట్లవి. సినిమా పాటల ఈపీలైతే వైపుకు రెండేసి పాటలుంటాయి. బరువైన 10 అంగుళాల పళ్లేలు 78లు, అంటే నిమిషానికి 78 చుట్లవి. వైపుకు మూడు నిమిషాలకు అటూ ఇటూగా ఒకే పాట, లేదా రెండు పద్యాలు. ఇవి ఎల్పీల్లా వినైల్ అనే ప్లాస్టిక్‌వి కావు, లక్కతో చేసినవి. వంగవు, పగులుతాయి. వంచి చూసి తేడా కనిపెట్టబోకండి, అంచు మందం చూస్తే చాలు. పడుకోబెట్టి దొంతరగా పేర్చి ఉంటే ఇప్పుడే నిలబెట్టండి. అంచున పగులు కనిపించినదాన్ని విడిగా తీసేయండి. పగులు మీద ముల్లు నడిస్తే రికార్డుతోపాటు ముల్లూ పోతుంది.

78లు కదా, పాతబడిపోయాయని ఎవరికీ ఇచ్చేయకండి. ఈ ప్రాంతపు ఇళ్లలో దొరికే 78ల్లో పద్యనాటకాలు, ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ లాంటివి ఉండవచ్చు. వాటిలో కొన్ని మళ్లీ ఎల్పీగానో సీడీగానో రాలేదు. లేబుల్ మీది నంబరు, పాటకూ లేబుల్‌కూ మధ్య నున్నటి భాగంలో చెక్కిన నంబరు, గాయకుల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కొనేటప్పుడైనా, ఇంకొకరితో పోల్చుకునేటప్పుడైనా ఆ నంబర్లే పనికొస్తాయి.

తెల్లటి మచ్చలు బూజు. విశాఖలో ఇది అందరికీ ఉన్న బాధే. గాలిలో తేమ ఏడాదిలో చాలా భాగం 70 శాతం పైనే ఉంటుంది. అట్ట కవరు ఆ తేమను పీలుస్తుంది, బూజు ముందు అట్టను తిని తర్వాత రికార్డు మీదికి పాకుతుంది. బాల్కనీలోకి తీసుకెళ్లి, మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో పొడిగా దులపండి. పడగ్గదిలో ఈ పని చేయొద్దు, బూజు పొడి గది నిండా ఎగురుతుంది. తర్వాత తడి కడుగుడు.

కడగడానికి లీటరు డిస్టిల్డ్ వాటర్ కావాలి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే కొట్లలో దొరుకుతుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఆరాక గాడిలో సున్నపు పొర మిగులుతుంది, ముల్లుకు అది టపటపమని తగులుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రమనుకుని పట్టేవాళ్లున్నారు. వాటిలో దుమ్ము, బూజు రెండూ ఉంటాయి, వద్దు. ఎల్పీలకూ ఈపీలకూ అయితే 900 మి.లీ. నీళ్లలో 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రంగు వాసన లేని గిన్నెల లిక్విడ్ మూడు చుక్కలు కలపండి. ఆల్కహాల్ మంట అంటుకునే సరుకు, వంటింట్లో కలపొద్దు. సర్జికల్ స్పిరిట్ దీనికి బదులు కాదు, దాన్లో వేరే పదార్థాలు కలుపుతారు, పొర మిగులుస్తుంది.

78లకు ఈ మందు పొరపాటున కూడా తగలకూడదు. వడ్రంగి పాలిష్ పెట్టేది లక్కను స్పిరిట్‌లో కరిగించే కదా, మీ రికార్డూ అలాగే కరుగుతుంది. ఒక్క తుడుపుకే గాడి మసకబారిపోతుంది. వాటికి ఆల్కహాల్ లేకుండా ఉత్త డిస్టిల్డ్ వాటర్, మూడు చుక్కల లిక్విడ్. నానబెట్టకండి. తడిపి, తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. రెండు రకాలకూ రెండు సీసాలు పెట్టుకుని మీద పెద్దక్షరాలతో రాయండి.

కడిగే పద్ధతి సులువు. మెత్తటి తువ్వాలు మీద రికార్డు పెట్టి, లేబుల్ మీద చిన్న ప్లాస్టిక్ మూత కప్పండి. నాలుగైదు చెంచాల మందు గాడుల మీద చల్లి, మెత్తటి పెయింటు బ్రష్షుతో గాడి తిరిగిన దిక్కులోనే గుండ్రంగా రెండు నిమిషాలు తిప్పండి. అడ్డంగా రుద్దకూడదు. మైక్రోఫైబర్ గుడ్డతో అద్దినట్టు తీసి, ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు కడగండి. ఈ రెండో కడుగుడు మానేసేవాళ్లే ఎక్కువ, తర్వాత కడిగినా గరగర పోలేదంటారు. ఆ గరగర మిగిలిపోయిన సబ్బుది. గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా వినైల్ వంకర పోతుంది. కడిగిన రికార్డు మళ్లీ పాత లోకవరులో (లోపలి కవరులో) దూర్చకండి, అందులోనే బూజు ఉంది. కొత్త పాలిథీన్ లోకవర్లు యాభై, వంద చొప్పున కట్టలుగా దొరుకుతాయి. పీవీసీ వాసన గుప్పున వచ్చే మెత్తటి పైకవర్లు మాత్రం కొనొద్దు, మన ఉక్కకు అవి రికార్డుకు అతుక్కుని మబ్బు మరక వేస్తాయి. బూజు చాలా కాలం ఉండిపోయిన చోట గాడి గోడ దెబ్బతిని కాస్త బుస్సుమనే శబ్దం మిగులుతుంది. దాన్ని కడుగుడు తీయలేదు.

ఇక అన్నయ్య టర్న్‌టేబుల్. తెచ్చే ముందు ఒక ఫొటో తీసి పంపమనండి, వెనక అంటించిన చీటీ కనిపించేలా. దాని మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే, లేదా అడాప్టర్ మీద అలా ఉంటే ఇబ్బంది లేదు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే రెండు చిక్కులు. వోల్టేజీకి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు. కానీ పాత ఏసీ మోటార్లలో వేగాన్ని కరెంటు హెర్ట్జే నిర్ణయిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చదు. అక్కడి 60కి చేసిన మోటారు ఇక్కడి 50 మీద ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ చుట్లు తిరగాల్సింది 28 కూడా తిరగదు. పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ కప్పీ విడిగా దొరుకుతుంది, దొరకకపోతే ఆ ప్లేయర్ అక్కడే ఉండనివ్వడం మేలు.

సూట్‌కేస్ ప్లేయర్లు మేము సలహా ఇవ్వం. చాలావాటిలో సెరామిక్ కార్ట్రిడ్జి ఉంటుంది, ముల్లు బరువు ఐదు గ్రాముల పైనే, తగ్గించే ఏర్పాటు ఉండదు. మంచి కార్ట్రిడ్జి ఎల్పీ మీద రెండు గ్రాములే మోపుతుంది. పైగా స్పీకర్ అదే పెట్టెలో ఉండటంతో గట్టిగా పెడితే ఆ అదురుకు ముల్లు ఎగురుతుంది. తాతగారి రికార్డులు దాని మీద పెట్టడం న్యాయం కాదు.

మీ దగ్గర సగం 78లు కాబట్టి మూడు వేగాలూ ఉండి, ముల్లు మోపే బరువు సర్దడానికి వెనక తూకపు బరువు తిప్పుకునే వీలున్న ప్లేయర్ తీసుకోండి. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్పీ120ఎక్స్ అలాంటిది. డబ్బు సరిపోకపోతే అదే సంస్థ ఏటీ-ఎల్పీ60ఎక్స్ ఎల్పీలకూ ఈపీలకూ బాగుంటుంది. బటన్ నొక్కితే ముల్లును మోసే చేయి (ఆర్మ్) దానంతటదే వెళ్లి వాలుతుంది, సర్దాల్సిందేమీ ఉండదు. కానీ దానికి 78 వేగం లేదు. మా మాట అడిగితే, మూడు నాలుగు నెలలు ఆగైనా మొదటిదే కొనండి. ఈలోగా కడుగుడు, కవర్లు, బీరువా పని ఎలాగూ ఉంది. ఉన్న డబ్బులో సగం ప్లేయర్‌కి, మూడోవంతు స్పీకర్లకు, మిగతాది కడిగే సామానుకూ ముళ్లకూ ఉంచుకోండి. రికార్డులు మీ దగ్గర ఉన్నాయి కదా.

రెండు ముళ్లు తప్పనిసరి. ఎల్పీ ముల్లు కొస చాలా సన్నం, సుమారు 18 మైక్రాన్ల గుండ్రం. 78 గాడి దానికి మూడు నాలుగింతలు వెడల్పు, దానికి 76 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నటి ముల్లును 78లో పెడితే గాడి అడుగున పడి దొర్లుతుంది, చెత్త శబ్దమే ఎక్కువ వినిపిస్తుంది. ఎల్పీ120ఎక్స్‌తో వచ్చే వీఎం95 కార్ట్రిడ్జికి ముల్లు భాగం లాగి మార్చుకోవచ్చు, 78ల కోసం వీఎం95ఎస్పీ అనే ముల్లు విడిగా దొరుకుతుంది. ఎల్పీ ముల్లుకు 2 గ్రాములు, 78 ముల్లుకు 5 గ్రాములు. కొన్ని ఆర్మ్‌ల రింగు మీద 4 దాకానే అంకెలుంటాయి, అందుకే ముల్లు బరువు చూసే చిన్న డిజిటల్ స్టైలస్ తూకం కొనుక్కోండి. ముళ్లకు ఆయుష్షు ఉంటుంది. వీఎం95లో గుండ్రటి కొసకు 500 గంటలు, కోలకొసకు (ఎలిప్టికల్) 300 గంటలు అని తయారీదారే చెబుతాడు. రోజుకో ఎల్పీ వింటే 300 గంటలంటే ఏడాది దాటుతుంది. ముల్లు పెట్టిన తేదీ ప్లేయర్ అడుగున పెన్సిల్‌తో రాసుకోండి. సెకండ్ హ్యాండ్ ప్లేయర్ ఏది కొన్నా, అమ్మేవాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా, ముల్లు కొత్తది వేశాకే రికార్డు పెట్టండి.

బరువు సర్దే పద్ధతి ఇది. ప్లేయర్‌ను ముందు మట్టంగా పెట్టాలి, మేస్త్రీల స్పిరిట్ లెవెల్‌ను రికార్డు తిరిగే పళ్లెం మీద పెట్టి రెండు దిక్కులా చూడండి. యాంటీ-స్కేటింగ్ (ఆర్మ్ మధ్యకు జారకుండా పట్టే ఏర్పాటు) సున్నాకు తిప్పండి. ముల్లు తొడుగు తీసి, ఆర్మ్ లివరు దించి, పళ్లెం పక్కన చేత్తో పట్టుకుని ఉండండి. వెనక బరువును మెల్లగా తిప్పుతుంటే ఒక చోట ఆర్మ్ కిందికీ పైకీ పోకుండా గాలిలో త్రాసుకర్రలా నిలుస్తుంది. అప్పుడు బరువు కదలకుండా పట్టుకుని దాని ముందున్న అంకెల రింగును మాత్రం సున్నాకు తిప్పండి. ఇప్పుడు రెండూ కలిపి 2 అంకె దాకా తిప్పండి. యాంటీ-స్కేటింగ్ కూడా 2కే. తక్కువ బరువే మంచిదని 1 దగ్గర ఆపేవాళ్లున్నారు. అది తప్పు. తేలిక ముల్లు గాడిలో కుదురుగా ఉండక గోడలకు కొట్టుకుంటుంది, బరువు ముల్లు కంటే ఎక్కువ పాడు చేస్తుంది. "స", "శ" అక్షరాలు చిట్లినట్టు వినిపిస్తే ముందు బరువు చూడండి, తర్వాత ముల్లు మీద దుమ్ము ఉండచుట్టిందేమో చూడండి.

వేగం సరిచూడటానికి యంత్రం అక్కర్లేదు. పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోను స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టండి. 33⅓ దగ్గర సరిగ్గా 3 నిమిషాల్లో 100 చుట్లు రావాలి. 45కైతే నిమిషానికి 45. ఐదు సెకన్లు అటూ ఇటూ అయితే అర స్వరస్థానం తేడా, సంగీతం నేర్చుకున్న చెవికి తెలిసిపోతుంది. 1925కి ముందు కొమ్ములోకి పాడి రికార్డు చేసినవి ఎలాగూ సరిగ్గా 78 మీద ఉండవు. వాటిని చెవితోనే శ్రుతి చూసి సర్దుకోవాలి.

ప్లేయర్ నుంచి వచ్చే శబ్దం కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. లేకపోతే మంద్రానికి గాడి ఊగిపోయి పక్క గాడిలోకి చొరబడుతుంది. దాన్ని తిరిగి సరిచేసి పెంచేది ఫోనో ప్రీయాంప్. ఎల్పీ60ఎక్స్‌లోనూ 120ఎక్స్‌లోనూ అది లోపలే ఉంది, వెనక స్విచ్ లైన్ వైపు పెడితే మామూలు పవర్డ్ స్పీకర్లకు (యాంప్లిఫయర్ లోపలే ఉన్నవాటికి) నేరుగా తగిలించవచ్చు. మీ యాంప్లిఫయర్‌కు ఫోనో అనే సాకెట్ ఉండి దాన్లో పెడితే స్విచ్‌ను ఫోనో వైపు మార్చాలి. రెండుచోట్లా ప్రీయాంప్ ఉంటే పాట పగిలిపోతుంది, ఎక్కడా లేకపోతే దోమ పాడినట్టు వినిపిస్తుంది. గుయ్యిమని మోత వస్తే, ప్లేయర్‌కు గ్రౌండ్ వైరు ఉంటే యాంప్ వెనక స్క్రూకు బిగించారా చూడండి. స్పీకర్లు ప్లేయర్ ఉన్న బల్ల మీద పెట్టకండి, వాటి అదురు ముల్లులోకి తిరిగి వచ్చి ఊళ పెడుతుంది. పాత మోనో రికార్డులకు యాంప్‌లో మోనో బటన్ ఉంటే నొక్కండి, ముల్లు పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే చప్పుడు కోసుకుపోయి పాట ముందుకొస్తుంది.

సముద్రం ఒడ్డున ఇంకో బాధ, ఉప్పుగాలి. కార్ట్రిడ్జి వెనక నాలుగు సన్నటి కడ్డీలు, ప్లేయర్ శబ్దపు వైర్ల కొసన ఉండే ఆర్‌సీఏ పిన్నులు నల్లబడి ఒక వైపు శబ్దం పోతుంది. స్పీకర్ చెడిపోయిందనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. ప్లగ్గు తీసి, పిన్నులు కాంటాక్ట్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడిచి పెట్టండి, ఆరు నెలలకోసారి చేస్తే చాలు. మన ఊరికి ఒక మేలు కూడా ఉంది. తేమ వల్ల రికార్డుల మీద స్టాటిక్ తక్కువ, ఎండు ఊళ్లలోలా చిటచిటలు రావు. ఏసీ గదిలో మాత్రం వస్తాయి. ప్రతిసారీ పెట్టే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్షు తిరిగే రికార్డు మీద రెండు చుట్లు తాకించి అంచు వైపు తీసేయండి.

దాచేది ఎక్కడ? అటక మీద మాత్రం కాదు. వేసవిలో శ్లాబు కింద వేడికి వినైల్ మెల్లగా వంగుతుంది. ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నం చాలు. నిలువుగా, వాలకుండా, నొక్కుకోకుండా పెట్టాలి. వంద ఎల్పీలు పాతిక కిలోల దాకా తూగుతాయి, పల్చటి ప్లైవుడ్ అర ఒంగుతుంది. గోడకు నాలుగు అంగుళాలు జరిపి, కింది అర వదిలేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు పగిలి ఇళ్లలోకి నీళ్లు చేరిన ఊరు మనది. వినైల్ నీళ్లకు చెడదు, అట్ట చెడుతుంది. తడిస్తే ముందు రికార్డులు అట్టల్లోంచి బయటికి తీయాలి, మిగతాది తర్వాత. బీరువాలో చిన్న తేమ మీటరు పెట్టుకోండి, 60 దాటితే సిలికా జెల్ సంచులు మార్చండి. నాఫ్తలీన్ ఉండలు రికార్డుల దగ్గర వద్దు.

కరెంటు పోతే పళ్లెం ఆగేలోపు లివరుతో ముల్లు లేపండి. పాత ఏసీ మోటారు ప్లేయర్‌ను స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపకండి, మోటారు బుయ్యిమంటుంది, వేడెక్కుతుంది.

కొత్తగా కొనడానికి మొదట బంధువుల ఇళ్లు అడగండి. ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాక పక్కన పెట్టేసిన పెట్టెలు ఇంకా చాలా అటకల మీద ఉన్నాయి. పాత సామాన్లు కొనేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. కోల్‌కతా వెళ్లే పని పడితే ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ఇప్పటి మీర్జా గాలిబ్ స్ట్రీట్‌లో పాత రికార్డుల కొట్లున్నాయి. హెచ్.ఎం.వి. రికార్డుల కంపెనీ ఫ్యాక్టరీ అక్కడి డమ్‌డమ్‌లోనే ఉండేది కాబట్టి ఆ ఊళ్లో సరుకు ఎక్కువ. ఏ కొట్లోనైనా రికార్డు బయటికి తీసి ఫోను టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. సాలెగూడు లాంటి సన్నటి గీతలు పెద్దగా వినపడవు. గోరు తగిలితే తెలిసే గీత ప్రతి చుట్టులో టక్కుమంటుంది. నల్లటి మెరుపు పోయి బూడిద రంగు తేలితే గాడి అరిగిపోయిందని అర్థం, గీత ఒక్కటీ లేకపోయినా వదిలేయండి. మధ్య చిల్లు చుట్టూ లేబుల్ మీద గీతలు ఎక్కువుంటే చాలాసార్లు మోగిందన్నమాట. లోపల రికార్డు, పైన అట్ట ఒకదాని జతేనా, నంబర్లు సరిచూసుకోండి. సినిమా ఎల్పీల్లో పాటలకు బదులు సంభాషణలు ఉన్నవీ వస్తాయి, వెనక అట్ట చదివి కొనండి.

కోల్‌కతా నుంచి కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకునేటప్పుడు రికార్డులు అట్టపెట్టెలో నిలబెట్టి, ఖాళీల్లో తువ్వాళ్లు కుక్కి, కింది బెర్తు అడుగున గోడ వైపు పెట్టండి. 78లైతే ఒక్కోదాని మధ్య దళసరి అట్ట ఉండాలి. ఇంటికి రాగానే కడిగి, కొత్త లోకవరు వేశాకే మిగతావాటి పక్కన చేర్చండి. బూజు ఒక్క రికార్డుతో వచ్చినా అర మొత్తం పాకుతుంది.